ఇఖామా వయసు

నూట ముప్పై ఎనిమిది. నూట ముప్పై తొమ్మిది. నూట నలభై ఒకటి.

మూడో అంకె చూసి ఉజ్వల చేతిలోని స్పీడ్ గన్‌ని ఒకసారి విదిలించింది. రియాద్ శివారు సులై ఎండకీ దుమ్ముకీ దానికి అప్పుడప్పుడు మతి తప్పుతుంటుంది. వలకి ఇవతల ప్లాస్టిక్ కుర్చీలో సర్దుకుని కూర్చుని మళ్ళీ ఎత్తి పట్టుకుంది. దిబ్బ మీద నిలబడ్డ లక్ష్మణ్ ఎడమకాలు నడుం దాకా లేపి, ఒళ్ళంతా వెనక్కి లాక్కుని, బంతి విసిరాడు. క్యాచర్ గ్లోవ్‌లో ఠప్పుమని చప్పుడైంది. గన్ మీద మళ్ళీ నూట నలభై ఒకటే.

"గన్ మంచిగనే ఉన్నది మేడం," అన్నాడు పక్కనున్న ఎల్లన్న. "పోరడే గట్లున్నడు."

ఎల్లన్న ఒక సౌదీ కంపెనీ సులై గోదాముల్లో ఫోర్‌మన్. ఊరు ఆర్మూరు దగ్గర. బేస్‌బాల్ అంటే తినేదో తాగేదో మూడేళ్ళ కిందట ఆయనకి తెలియదు. కంపెనీ యజమాని కొడుకు అమెరికాలో చదువుకుని వస్తూ వస్తూ ఈ ఆటని వెంట తెచ్చుకున్నాడు. రియాద్‌లో క్లబ్బు పెట్టి, పై టీములోకి అమెరికా వాళ్ళనీ, జపాన్ వాళ్ళనీ, ఫిలిప్పీన్స్ వాళ్ళనీ పట్టుకొచ్చాడు. దాని కింద కంపెనీ పనివాళ్ళతోనే రెండు చిన్న టీములు పెట్టాడు, సులైలో ఒకటి, దూరాన యెమెన్ సరిహద్దు దగ్గర జిజాన్‌లో ఒకటి. ఇక్కడ నారు పోసి, ఏపుగా వచ్చినవాళ్ళని పైకి తీసుకెళ్ళి నాటుకోవాలని ఆలోచన. ఆటంటే ఆసక్తి ఉన్న ఫోర్‌మన్ ఎవరని అడిగితే ఎల్లన్న చెయ్యెత్తాడు. కబడ్డీ అనుకున్నాడట.

ఆ నారుమడి పచ్చగా ఉందో ఎండిపోయిందో తేల్చి చెప్పే పని ఉజ్వల నెత్తిన పడింది. కాకినాడ పిల్ల. కంపెనీ ఐటీ విభాగంలో ఉద్యోగం. ఎక్సెల్ బాగా వచ్చినవాళ్ళకి ఏ ఆఫీసులోనైనా పట్టే గతే ఆమెకీ పట్టింది. ఆర్నెల్లుగా ఆఫీసయ్యాక కారేసుకుని సులై రావడం, దుమ్ములో కూర్చుని అంకెలు రాసుకోవడం. మొదట్లో తిట్టుకుంటూ వచ్చేది. ఇప్పుడు ఎవరూ రమ్మనకపోయినా వస్తోంది.

ఒక్కో ఆటగాడికీ వేగానికీ గురికీ బలానికీ విడివిడిగా మార్కులు వెయ్యాలి. ఇరవై నుంచి ఎనభై దాకా. వందకెందుకు వెయ్యరంటే అది అమెరికా వాళ్ళ ఆచారం, మనం ప్రశ్నించకూడదు. యాభై వస్తే పై టీములో నిలబడగలడని అర్థం. అరవై వస్తే కళ్ళకద్దుకోవాలి. ఎనభై ఆమె ఇంతవరకూ ఎవరికీ వెయ్యలేదు.

ల్యాప్‌టాప్ షీటులో లక్ష్మణ్‌కి వేగం దగ్గర అరవై రాసింది. గురి దగ్గర నలభై. బంతి వెళ్ళాల్సిన చోటికి జానెడు ఇటూ అటూ పోతోంది. అది లేత చెయ్యికి ఉండే జబ్బే, ఆడగా ఆడగా కుదురుతుంది. మొత్తం మార్కులు వేసేందుకు చివరి గడిలోకి వచ్చింది. వయసు దానంతటదే ఇఖామా, అంటే సౌదీ నివాస కార్డు, వివరాల నుంచి వచ్చి పడింది. ఇరవై ఎనిమిది. లక్ష్మణ్ వరసంతా ఎర్రబారింది.

ఇరవై అయిదు దాటినవాడు ఇక ఎదగడు, తీసెయ్యాలి. ఇది క్లబ్బు మేనేజరు అనురాగ్ పెట్టిన సూత్రం. ఉజ్వల తన చేత్తోనే ఆ షీటులో ఎక్కించింది. మంగళవారం పొద్దున రిపోర్టు పోవాలి. ఇరవై ఇద్దరిలో ముగ్గురిని పైకి తీసుకుంటారు. వాళ్ళకి ఇఖామాలో వృత్తి మారుతుంది, ఆ తర్వాత ఆటే పని. మిగిలిన టీముని ఎత్తేసి అందరినీ జిజాన్ సైటుకి తోలేస్తారు. జిజాన్ టీముని పోయిన నెలే ఎత్తేశారు.

బంతులు ఏరుకుని లక్ష్మణ్ వలదాకా వచ్చాడు. జగిత్యాల వైపు కుర్రాడు. పొద్దున్నుంచీ గోదాముల పైకప్పు కింద ఏసీ గొట్టాల్లో దూరి పనిచేసి, ఆ బట్టలతోనే గ్రౌండుకి వస్తాడు. గొట్టాలకి చుట్టే గాజుపీచు మెడ మీద మెరుస్తోంది. గోక్కుంటే ఎక్కువవుతుందని గోక్కోకుండా భుజం మాత్రం కదిలిస్తున్నాడు.

"ఇంత విసురు ఎక్కడ నేర్చుకున్నావు లక్ష్మణ్?"

"నేర్సుకునుడేమున్నది మేడం. నాకు బ్యాటింగ్ రాదు. బ్యాటింగ్ రానోన్ని ఊళ్లె బౌండరీ కాడ నిలవెడుతరు. ఆడికెల్లి ఇసిరి ఇసిరి గిట్లయింది." ఆమె ల్యాప్‌టాప్ వైపు చూడకుండా అడిగాడు. "నన్ను తీసుకుంటరా మేడం?"

"ఇంకా అవలేదు," అంది ఉజ్వల. అబద్ధం చెప్పడం ఆమెకి అంత బాగా రాదు. మూత వేసేసింది.

మర్నాడు శుక్రవారం సెలవు. పొద్దున్నే ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి ఫారాలు నింపుతోంది. ఏం చదివావు, ఇంతకుముందు ఏం ఆడావు, ఎప్పుడైనా దెబ్బలు తగిలాయా. లక్ష్మణ్ వంతు వచ్చేసరికి తొమ్మిదయింది. సెలవు రోజు కాబట్టి తల దువ్వుకుని వచ్చాడు.

"పది పాసైన మేడం."

"మార్కులెన్ని?"

నవ్వాడు. "మార్కులు యాడివి మేడం. మాది కరోనా బ్యాచ్. తెలుగు రెండు పేపర్లు, హిందీ రాసినం, బంద్ వెట్టిన్రు. అందర్ని పాస్ జేసిన్రు. మా సార్ అయితే, మీ అసువంటోళ్ల కోసమే ఆ రోగం వచ్చిందిరా అన్నడు."

ఉజ్వలకీ నవ్వొచ్చింది. వాళ్ళ తమ్ముడిదీ అదే బ్యాచి. పరీక్ష రాయకుండా పాసైనవాడని ఇంట్లో ఇప్పటికీ వాడిని ఏడిపిస్తారు. ఆ నవ్వు మధ్యలోనే ఆమె పెన్ను ఆగింది. తమ్ముడికి మొన్ననే ఇరవై ఒకటి నిండాయి.

లక్ష్మణ్ ఆ పెన్ను వైపే చూస్తున్నాడు. మొహంలో నవ్వు పోయింది.

"అంటే... నేను ఆలిశెంగ రాసిన మేడం. మధ్యల బడి బంద్ వెట్టి, మళ్ల..."

"సరే," అంది ఉజ్వల. "దెబ్బలేమైనా తగిలాయా?"

"లేదు మేడం."

ఇంటికొచ్చి పాత అంకెలన్నీ తీసింది. జూన్‌లో నూట ముప్పై ఒకటి. సెప్టెంబరులో నూట ముప్పై ఆరు. నవంబరులో నూట నలభై ఒకటి. ఇరవై ఎనిమిదేళ్ళ భుజం ఆర్నెల్లలో పది కిలోమీటర్లు పెరగదు. ఇంకా ఎముక ముదరని వాడిది మాత్రమే పెరుగుతుంది. వయసు గడిలో ఊరికే, చూద్దామని, ఇరవై ఒకటి కొట్టింది. ఎర్ర వరస పచ్చగా మారి జాబితాలో అందరికన్నా పైకి వెళ్ళి కూర్చుంది.

ఆమెకి ఎంత సంతోషం కలిగిందంటే లేచి గదిలో రెండు చుట్లు తిరిగింది. ఆర్నెల్లు దుమ్ము మింగినందుకు ఒక నిజమైన ఆటగాడు దొరికాడు. వేరేవాళ్ళ కంటపడనివాడు తన కంటపడ్డాడు. మళ్ళీ ఇరవై ఎనిమిదే పెట్టింది గానీ, అనుమానం వచ్చిన ప్రతిచోటా కామెంటు పెట్టడం ఆమెకి అలవాటు. పెట్టింది. "అసలు వయసు ఇరవై ఒకటి కావచ్చు. పదో తరగతి 2020లో. ఇఖామా సరిచూడాలి." ఆ షీటు తానొక్కతే చూసేది కాదన్న సంగతి అప్పుడు ఆమె బుర్రకి తట్టలేదు. తెలివైనవాళ్ళు చేసే పొరపాట్లు ఇలాగే ఉంటాయి.

ఆదివారం ఆఫీసు తెరుచుకోగానే అనురాగ్ తన గదిలోకి రమ్మన్నాడు. హైదరాబాదు మనిషి. పదకొండేళ్ళుగా ఇక్కడే ఉన్నాడు. తలుపు మూసి, తన స్క్రీన్ ఆమె వైపు తిప్పాడు.

"ఈ కామెంట్ నువ్వే పెట్టావా?"

"అవును."

"ఈ షీట్‌కి ఓనర్ ఆఫీస్ వాళ్ళకి కూడా యాక్సెస్ ఉంది, తెలుసు కదా. వాళ్ళు ఓపెన్ చేయకముందే డిలీట్ చేశాను. బట్ నేను చదివేశాను. ఇప్పుడు నాకు క్లారిటీ కావాలి. నిజమా, కాదా?"

"నిజమైతే టీముకి మంచిదే కదా. ఇరవై ఒకటికి ఆ వేగమంటే..."

"టీమ్ తర్వాత. నిజమైతే నేను హెచ్‌ఆర్‌కి పంపాలి. పాస్‌పోర్ట్‌లో డేట్ ఆఫ్ బర్త్ ఫేక్ అంటే ఫైనల్ ఎగ్జిట్, దేశం నుంచే పంపేస్తారు. వేలిముద్రలు తీసుకుని బ్యాన్ కొడతారు. ఇండియాలో దిగాక అక్కడ ఇంకో కేస్." కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "నేను రాక్షసుణ్ణి కాదు ఉజ్వలా. కానీ తెలిసీ దాచానని రేపు తేలితే నా పేపర్లు పోతాయి. నాకిద్దరు పిల్లలున్నారు ఇక్కడ."

"నేనేదో ఊహించి రాశాను. నాకు ఖాయంగా తెలీదు."

"ఊహ అయితే ఈ గ్రాఫ్ ఏంటి? ఆరు నెలల్లో పది కిలోమీటర్లా?" స్క్రీన్ మీద గీతని వేలితో పొడిచాడు. "రేపు సాయంత్రం హెడ్ కోచ్‌ని తీసుకుని వస్తా. మా ముందు పన్నెండు బంతులు వేయమను. ఏ వయసు చెయ్యో ఆయన ఇట్టే చెప్పేస్తాడు. ఆ తర్వాత ఏం చేయాలో చూద్దాం."

గదిలోంచి బయటికొచ్చాక ఉజ్వల మెట్ల దగ్గర కాసేపు నిలబడిపోయింది. చేతులారా చేసింది. ఎవరూ అడగలేదు, ఎవరూ రాయమనలేదు. మంచి చేస్తున్నాననుకుని ఒకడి కొంప మీదికి తెచ్చింది.

ఆ సాయంత్రం ఆమె సులై చేరేసరికి ఎల్లన్న స్టోరు గదిలో బోర్లించిన బకెట్టు మీద కూర్చుని గ్లోవులకి కొబ్బరినూనె రాస్తున్నాడు. తోలు పగలకుండా అది ఆయన కనిపెట్టిన వైద్యం. ఉజ్వల జరిగిందంతా చెప్పింది. ఆయన చెయ్యి ఆగింది.

"కాయితం మీద రాసిన్రా మేడం?"

"రాశాను. తీసేశారు. కానీ చదివారు."

ఎల్లన్న మళ్ళీ సీసా వంచాడు. గ్లోవు వేళ్ళ మధ్య నూనె రాస్తూ పోయాడు.

"వీసా మీద ఇరవై నాలుగు దాటాలె అని ఉండె. పోరనికి పద్దెనిమిది. ఏజెంటు యాడికెల్లో బడి బోనఫైడ్ సర్టిఫికెట్ తెచ్చి, ఏడేండ్లు కలిపి, పాస్‌పోర్టు తీయించిండు. గీడ అందరిది గంతే మేడం. చిన్నోళ్లకు కలుపుతరు, పెద్దోళ్లకు తీసేత్తరు. నాకు పాస్‌పోర్టుల నలబై. నా పెద్దబిడ్డకు ఇరవై ఎనిమిది." నవ్వబోయి మానేశాడు. "గీ ముచ్చట మేం ఒకలకొకలం గూడ చెప్పుకోం. వాడు మిమ్ములను చూసి, తనోళ్లే అనుకొని నోరు జారిండు."

ఆ మాట ఉజ్వలకి సూటిగా తగిలింది. "నేను అతనికి మంచి జరుగుతుందనే రాశాను ఎల్లన్న గారూ."

"ఎరుకే మేడం. మీరు కావాలని చేత్తరా." గ్లోవు పక్కన పెట్టాడు. "గిప్పుడు వానిని ఏం పట్టిత్తది? కాయితం మంచిగనే ఉన్నది. వాడు చెప్పడు. నేను చెప్ప. మరి ఏంది పట్టిచ్చేది?"

ఉజ్వల మూలనున్న బంతుల సంచీ వైపు చూసింది. "బంతి," అంది. "ఇరవై ఎనిమిదేళ్ళ వయసులో కొత్తగా ఆట నేర్చుకున్నవాడు నూట ఇరవై దాటడు. నూట నలభై విసిరితే, కోచ్‌కి ఇంకెవరూ ఏమీ చెప్పక్కర్లేదు."

స్టోరు గుమ్మంలో నీడ కదిలింది. లక్ష్మణ్ నీళ్ళ క్యాను భుజాన పెట్టుకుని నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో తెలీదు. క్యాను దించి మూలన పెట్టాడు. ఆమె వైపు చూడకుండా మూత బిగించి వెళ్ళిపోయాడు.

సోమవారం సాయంత్రం నాలుగున్నరకి అనురాగ్ కారు వచ్చింది. హెడ్ కోచ్ తెల్లగడ్డం అమెరికన్ పెద్దమనిషి. ఎవరితోనూ మాట్లాడకుండా కుర్చీ వల దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు. ఉజ్వల ఆయన పక్కన, అనురాగ్ ఆమె వెనక నిలబడి. గన్ ఎత్తింది. ప్రతి బంతీ చేరిన చోట చుక్క పెట్టేందుకు కాగితం పక్కన పెట్టుకుంది.

లక్ష్మణ్ దిబ్బ ఎక్కాడు. కాలితో మట్టి సర్దాడు. కాలు లేపాడు గానీ నడుం దాకా లేపలేదు, మోకాలి దగ్గరే ఆపాడు. విసిరాడు.

నూట పంతొమ్మిది.

తర్వాతది నూట పదిహేడు. ఆ తర్వాత నూట పద్దెనిమిది. ఉజ్వల అంకెలు పైకి చదువుతోంది. అనురాగ్ ఆమె చెవి దగ్గరికి వంగాడు.

"ఇదేనా నీ నూట నలభై ఒకటి?"

"పాత గన్ పాడైనట్టుంది," అంది తల తిప్పకుండా. "వేడికి రీడింగులు ఎక్కువ చూపించాయి. ఇది ఆఫీసులోంచి తెచ్చిన కొత్త గన్."

"ఆరు నెలల డేటా తప్పా?"

"లక్ష్మణ్ డేటా తప్పే. నా పొరపాటు."

ఆమె ఆర్నెల్ల కష్టాన్ని ఆమె నోటితోనే చెత్తబుట్టలో వేయించినట్టయింది. పడెయ్యాల్సినంత తేలిక పనేం కాదది. అయినా మళ్ళీ అడిగితే మళ్ళీ అదే చెప్పేది.

ఎనిమిదో బంతి తర్వాత కోచ్ చెయ్యెత్తి ఆపాడు. పిడికిలి బిగించి చూపించాడు. బలమంతా పెట్టి వెయ్యమని. లక్ష్మణ్ తలూపాడు. ఈసారి ఒళ్ళంతా మెలితిప్పి, పళ్ళు బిగబట్టి, మూలిగి మరీ విసిరాడు. విసిరాక భుజం పట్టుకుని రెండడుగులు ముందుకి తూలాడు. నూట ఇరవై. ఎల్లన్న పరుగున నీళ్ళు తీసుకెళ్ళి భుజం నొక్కాడు. కోచ్ తన కాగితం మీద ఏదో గీశాడు. అనురాగ్ ఊపిరి వదిలిన చప్పుడు ఉజ్వలకి స్పష్టంగా వినిపించింది.

గండం గడిచింది. అప్పుడు గానీ ఆమె అంకెల మీంచి ధ్యాస తిప్పి క్యాచర్ని పట్టించుకోలేదు. మిగిలిన మూడు బంతులకీ క్యాచర్ గ్లోవు కదలనే లేదు. పదోది ఆ గ్లోవులోనే, అదే చోట. పదకొండోది అక్కడే. పన్నెండోదీ అక్కడే. పక్కనున్న కాగితం మీద తాను యాంత్రికంగా పెట్టిన చుక్కలు చూసుకుంది. పన్నెండు చుక్కలూ ఒక రూపాయి బిళ్ళ కింద సరిపోతాయి. ప్రాణభయంతో నటిస్తూ, తూలుతూ, మూలుగుతూ వేసినవి. నలభై మార్కుల గురి కాదది. ఇన్నాళ్ళూ గన్‌కి చూపించాలనే ఆరాటంలో చెదిరిపోయిన గురి.

ఇటువంటి చెయ్యి ఈ క్లబ్బులో పై టీములో కూడా లేదు. ఆ సంగతి ఆమెకి తెలిసిందీ, ఆ చెయ్యి మట్టిలో కలిసిందీ ఒక్క నిమిషంలోనే. ఏడుపొచ్చింది. కళ్ళలో దుమ్ము పడినట్టు చున్నీతో ఒత్తుకుంది.

తిరిగి వెళ్ళే ముందు అనురాగ్ ఆమె షీటు చూశాడు. వయసు ఇరవై ఎనిమిది. వేగం ముప్పై. గురి ఎనభై.

"ఎనభై ఏంటి? నువ్వు ఎప్పుడూ ఎవరికీ ఇవ్వలేదు. ఇది కూడా పొరపాటేనా?"

"ఇది పొరపాటు కాదు," అంది ఉజ్వల. ఈ ఒక్కటీ ఆమె వదులుకోదల్చుకోలేదు. "చుక్కలు చూడండి."

అనురాగ్ కాగితం కోచ్‌కి అందించాడు. ఆయన చాలాసేపు చూసి, ఇంగ్లీషులో నాలుగు ముక్కలు చెప్పి కారెక్కాడు. ఆటగాడిగా పనికిరాడు. కానీ తన బ్యాటర్లకి రోజూ ప్రాక్టీసు కోసం బంతులు వేసేవాడొకడు కావాలి. మెల్లగా, ఒకేచోట, ఎన్నిసార్లంటే అన్నిసార్లు వెయ్యగలిగినవాడు. ఇతన్ని తనకిమ్మన్నాడు.

బుధవారం సులై టీముని ఎత్తేశారు. పద్దెనిమిది మంది బస్సులో జిజాన్ వెళ్ళారు. పై టీములోకి తీసుకున్న ముగ్గురిలో ఇద్దరు లక్ష్మణ్ అసలు వేగం దరిదాపుల్లో కూడా లేనివాళ్ళు. ఆ మార్కులు వేసిందీ ఉజ్వలే.

మరో రెండు రోజులు ఆగి ఆమె పెద్ద గ్రౌండుకి వెళ్ళింది. పచ్చిక మీద నీళ్ళు చల్లి ఉన్నాయి. దిబ్బకి ముందు ఇనప వల అడ్డం పెట్టుకుని, పక్కన బంతుల బకెట్టు పెట్టుకుని లక్ష్మణ్ నిలబడి ఉన్నాడు. ఒంటి మీద కొత్త టీషర్టు. మెడ మీద గాజుపీచు లేదు. ఆమెని చూసి పరుగెత్తుకొచ్చాడు.

"మేడం, మీరు గురికి ఎనబై ఏసిన్రట గద. ఎల్లన్న ఫోన్ల చెప్పిండు. గది లేకపోతె నేను జిజాన్ పోతుంటి."

"లక్ష్మణ్, నేను ఆ కామెంటు రాయకుండా ఉంటే..."

"ఇడిసిపెట్టుండ్రి మేడం." గొంతు తగ్గించాడు. "గీడ నీడకు ఉన్నది. అన్నం మంచిగుంటది. మా అమ్మకు జెప్పిన, ఆడేటోళ్లల్ల తీసుకున్నరు అని. మీ మేలు మరువ మేడం." ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాడు. అందుకే ఆమె తట్టుకోలేకపోయింది. తిట్టి ఉంటే బావుండేది అనుకుంది.

పొడుగాటి జపాన్ బ్యాటరొకడు వచ్చి నిలబడి, బ్యాటు కొసతో తన మోకాలి ఎత్తున గాల్లో ఒకచోట తట్టి చూపించాడు. అక్కడ కావాలని. లక్ష్మణ్ తిరిగి పరుగెత్తి వల వెనక చేరాడు. మెల్లగా విసిరాడు. బంతి వచ్చి సరిగ్గా అతను తట్టిన చోటే నిలబడినట్టు కనిపించింది. బ్యాటు తగిలి కంచె దాటి ఎటో ఎగిరిపోయింది. వరసలో ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు.

అది ఎక్కడ పడిందో లక్ష్మణ్ వెనక్కి తిరిగి చూడలేదు. బకెట్టులోంచి ఇంకో బంతి తీసుకున్నాడు.